ఎవరి లైను

కిరాయి లేదు, కాపలా లేదు,
ఎవరన్నా రావచ్చునని తలుపు తీసి పెట్టిన చోటికి
రాంనగర్‌లో మా రెండో అంతస్తు నుంచి
రాత్రి పదకొండు దాటాక వెళ్తాను.

ఒకే ఒక్క ఈగ మెదడు.
అరటిపండు మీద వాలే జాతి, ఆడది.
ఎప్పుడో, ఎక్కడో చనిపోయింది.
గసగసాల గింజంత దాన్ని
వేల పొరలుగా కోసి, పొరపొరకీ ఫోటో తీసి,
తీగలన్నీ మళ్లీ కలిపి
లోకానికి వదిలేశారు: తీసుకోండి, చూడండి.

మొదటి రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను.
వాన పడింది, కేబుల్ తెగింది,
పొద్దున్నకి పద్దెనిమిది శాతం.

ఇంటర్ పిల్లలకి న్యూరాన్ బొమ్మ
ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను:
ఒక ఉల్లిగడ్డ, నాలుగు వేళ్లు, ఒక తోక.
దానికి మార్కులు కూడా వేశాను.
తెర మీద మొదటి న్యూరాన్ విచ్చుకుంటే
సుద్దముక్క పట్టే చేతికి సిగ్గేసింది.

కింది వాటాలో మొగులయ్య
తాను బతికే ఉన్నానని పింఛను ఆఫీసుకి
కంప్యూటర్‌లో చెప్పించుకోడానికి వచ్చాడొక ఆదివారం.
వేలిముద్ర మూడుసార్లు పడలేదు.
టెలిఫోన్ల శాఖలో కేబుల్ జాయింటర్.
ముప్పై నాలుగేళ్లు గౌలిగూడ మ్యాన్‌హోళ్లలో
అరిగిన వేళ్లు.

నాలుగోసారికి చెయ్యి తుడుచుకుంటూ
పక్కన తెరిచి ఉన్నది చూశాడు.
"ఏ ఎక్స్ఛేంజి మేడం ఇది?"

చెప్పాను. ఈగ అంటే నవ్వలేదు.
"ఎన్ని లైన్లు?"
లక్షా నలభై వేల దాకా.
"జాయింట్లు?"
కోట్లలో.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

తెలుపు నీలం, తెలుపు నారింజ, తెలుపు పచ్చ,
తెలుపు గోధుమ, తెలుపు బూడిద,
అన్నానికి పిల్లల్ని పిలిచినట్టు
వరస తప్పకుండా గొణిగాడు.
మూసీ పొంగి మ్యాన్‌హోల్ నిండిన ఒక రాత్రి
నడుం లోతు నీళ్లలో
ఎనిమిది వందల జతలు కలిపాడట.
పొద్దున్నే ఆసుపత్రి ఫోను
అఫ్జల్‌గంజ్ బెల్లం కొట్టులో మోగింది.
"ఒక్కటే మేడం. ఒక్క జతే తారుమారైంది."

ఇందులోనూ తప్పులుంటాయన్నాను.
పొర చిరిగిన చోట యంత్రం తడబడుతుంది,
ఒకదాని తోక ఇంకొకదానికి అతికిస్తుంది.
ఈ ఎర్ర కొమ్మ ఇక్కడిది కాదేమో, చూడండి.
కళ్లద్దాలు నుదుటికి తోసి
తెరకి జానెడు దూరంలో చాలాసేపు.
"టోన్ కొట్టు."

అంటే?
"గీ కొసకు టోన్ పెడతం. ఆ కొసకు ఒకడు
చెవికి పెట్టుకొని కూసుంటడు.
కూత ఇనబడితే హలో అంటడు. గంతే.
సూస్తె తెల్వది మేడం తీగ. ఇంటెనే తెలుస్తది."

ఇక్కడ టోన్ లేదు.
ఎవరు ఎవరికి ఆనుకున్నారో ఉంది,
ఎన్ని చోట్లో లెక్కతో సహా ఉంది.
ఏం మాట్లాడుకున్నారో మాత్రం
కోత మొదలవకముందే ఆగిపోయింది.
ఆ మాట ఆయనకి చెప్పడం
ఎందుకో కష్టమైంది.

"అయితే అవుతల ఎవ్వరు లేరు," అన్నాడు.

వేలిముద్ర ఆ రోజు పడనే లేదు.
ముఖం చూపిస్తే ఒప్పుకుంది.

ఎర్ర కొమ్మ దగ్గర అనుమానం రాసి పంపాను.
బుధవారం జవాబొచ్చింది, ఎవరో, ఏ ఊరో:
నిజమే, అది వేరే న్యూరాన్‌ది. విడదీశాం.

మెట్లు దిగి చెప్పాను.
మొగులయ్య సీతాఫలం తింటున్నాడు.
గింజలు ఊసిన పళ్లెం మీద చిన్న ఈగలు నాలుగైదు.
తోలడానికి చెయ్యి ఎత్తాడు,
ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి
"హలో అన్నరన్నట్టు," అన్నాడు.