నలభై ఒకటో గోడ

మూతపడ్డ జనపమిల్లు గోడౌనుకి సున్నం కొట్టి
విజయనగరం చిత్రశాల అని బోర్డు కట్టారు.
వాన పడితే ఇప్పటికీ నార వాసన లేస్తుంది.
ఆదివాసీ కళా విభాగం తాళాలు
నా చేతిలో పెట్టిన రోజు డైరెక్టరు గారు నవ్వారు:
"మీ వాళ్ల విభాగానికి మీరే పెద్ద."
పద్నాలుగు తాళాలు.
మా గూడెంలో తలుపులకి గొళ్లేలే ఉండవు.

రిజిస్టరులో నలభై ఒకటి:
గోడ ముక్క. ఎర్రమట్టి, బియ్యప్పిండి, మసి.
దొరికిన చోటు: సీతంపేట కొండలు,
రోడ్డు వెడల్పు చేసేటప్పుడు.
చిత్రకారుడు: తెలియదు.

తెలియదు.
ఆశ్రమ పాఠశాలలో నేను నేర్చిన తొలి తెలుగు మాట.
మాస్టారు ఏదడిగినా అదే చెప్పేదాన్ని,
తెలిసినవాటికి కూడా.

జీపు పంపితే ఎక్కలేదు సుంబురు తాత.
పాలకొండలో ఒక బస్సు, రాజాంలో ఇంకో బస్సు,
కాంప్లెక్సులో దిగి నడిచొచ్చాడు.
"ఎవరి మనవరాలివి?" అని సవరలో అడిగాడు.
తెలుగులో చెప్పాను.
ఆయన కాసేపు నా చెప్పుల కేసి చూసి
గాజు కేసి తిరిగాడు.

"ముట్టుకోకు తాతా" అన్నాడు గార్డు పైడిరాజు.
తాత వేలు గాజుకి బెత్తెడు దూరంలో ఆగింది.
ముందు నాలుగు గీతలు, అది ఇల్లు.
లోపల దువ్వెన, నెమలి,
జీలుగుచెట్టు ఎక్కుతున్నవాడు,
గొడుగు పట్టించుకుని గుర్రమ్మీద ఒకాయన.
మూల, చక్రాలు మూడే ఉన్న బస్సు.

"ఈ బస్సు మా సొమ్మారప్పది.
ఆవిడ జనమలో బస్సెక్కలేదు.
మా మావ సచ్చిపోయి కల్లోకొచ్చి
కాళ్లు పీకుతన్నాయే అంటే ఏసింది."

చక్రాలు మూడేం అంటే
"నాలుగోది అటేపుంది" అన్నాడు.

పెన్ను తీసి పేరు రాసుకుంటున్నాను.
ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు.
"మావ ఇందులోనే ఉన్నాడే పిల్లా.
ఇరవయ్యేళ్లయింది గావాల, గొంతు తడిపినోళ్లు నేరు.
బొమ్మ మాసిపోతంది అంటన్నావు గదా,
మాసిపోడం కాదది. అలగడం."

గోడ మీద నా సంతకంతోనే ఉంది నోటీసు:
తినుబండారాలు, పానీయాలు నిషేధం.

నోట్ ఫైలు పెట్టాను.
'వస్తువు నం. 41 సంరక్షణ నిమిత్తం
జీలుగు కల్లు, ఆకుదొప్పతో, ఏడాదికోసారి.'
ఏ పద్దు కింద అని వెనక్కొచ్చింది.
తేమ నియంత్రణ అని రాశాను.
'చర్చించండి' అని మళ్లీ వచ్చింది.
చర్చించాం. టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి.
"రేపు ఇంకొకరు కోడిని కోస్తామంటే?"
అడిగితే అప్పుడు చూద్దాం అన్నాను.
ప్రారంభోత్సవానికి దింసా ఆడేవాళ్లు
ఇరవై మంది కావాలన్నారు.
ఈ గదిలో చావు ఉందండీ, వద్దన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
సంతకం మూడో నెలలో పడింది.

కొత్త బొమ్మ ఒకటి వెయ్యమంటే
తాత ఒప్పుకోలేదు, డబ్బు చెప్పినా.
"సచ్చినోడు అడగాల. నువ్వడిగితే ఏటి సేత్తాను?"
దొప్ప నేల మీద పెట్టి, కొంచెం ఒంపి,
మిగిలింది తాగి, మూతి తుడుచుకుని
ఆరు గంటల బస్సుకి వెళ్లిపోయాడు.
వెదురుపుల్ల కుంచె బల్ల మీద మర్చిపోయాడో, వదిలేశాడో.
దానికి నంబరు వెయ్యలేదు. నా సొరుగులో ఉంది.

లేబుల్ మార్చాను. చిత్రకారిణి: సవర సొమ్మారి.
రిజిస్టరులో కొత్త గడి గీశాను, స్కేలు లేకుండా:
ఇందులో ఉంటున్నవారు.

ఇప్పుడు పొద్దున్నే తాళం తీసేముందు
పైడిరాజు ఒకసారి దగ్గుతాడు,
ఎవరింటికైనా వెళ్లినప్పుడు వాకిట్లో దగ్గినట్టు.
నేను చెప్పలేదు.

మిగతా రెండొందల పన్నెండు వస్తువులకీ
ఆ గడి ఖాళీగానే ఉంది.
సోమవారం సీతంపేట సంత.
రిజిస్టరుకి పాలిథిన్ కవరు చుట్టాను, వానలా ఉంది.
ఎవరి మనవరాలివని ఈసారి అడిగితే చెప్పడానికి
బస్సులో నాలుగు మాటలు
పెదాలు కదిపీ కదపకుండా అనుకుంటూ వెళ్లాలి.