సంబంధం అనే గడి

పన్నెండేళ్ల కింద రాయించిన కాగితం
బియ్యం డబ్బా వెనక దొరికింది, వేపాకు వాసనతో.
నాకు నోరు పెగలని రోజున
డాక్టర్లతో మాట్లాడాల్సింది: సుగుణక్క.
పక్కన ఓ ల్యాండ్‌లైన్ నంబరు.

నిన్న మలక్‌పేట వెళ్లి చూసొచ్చాను.
బత్తాయిలు అందుకొని
"ఏ స్టాపులో దిగాలమ్మా?" అంది అక్క.
ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన చెయ్యి
గాలిలో చిల్లర లెక్కపెడుతోంది.

అందుకే ఈ పొద్దున నాంపల్లి కోర్టు బయట
నోటరీ గొడుగు కింద కూర్చున్నాను.
గొట్టాలొద్దన్న మాట అలాగే ఉండనీయండి,
పేరొక్కటే మార్చాలి.
నఫీసా. మా కింది వాటా.
కొత్తిమీర కట్టకు రెండు రూపాయలు ఎక్కువడిగితే
గల్లీ అంతా వినపడేలా తగువాడుతుంది.
ఆ గొంతు కావాలి నాకు.

"సంబంధం?" అన్నాడు పెన్ను ఎత్తి పట్టుకొని.
ఇద్దరం ముఖాలు చూసుకున్నాం.
"పొద్దుటి చాయ్" అంది నఫీసా.
ఆయన నవ్వి, స్నేహితురాలు అని రాసుకున్నాడు.

ఏటా బోనాలకు ఇల్లు దులిపేటప్పుడు
దీన్నీ ఓసారి తీసి చదువుకోవాలి.

పాత కాగితం మీద 'రద్దు' అని రాయాలట.
రాశాను,
సుగుణక్క పేరుకు తగలకుండా
ఓ మూలకి.