పొయ్యి ముట్టియ్యని వంట

లూచియా మేడమ్ ఖర్బూజను ముక్కుకాడ పెట్టుకుని
తొడిమ దిక్కు వాసన చూస్తది.
"వాసన రాకుంటే అది పండు కాదు గాంగా, కూరగాయ."
నా పేరు గంగమణి.
ఐదేండ్ల సంది గాంగానే.
బహ్రెయిన్‌ల ఈ ఊరి పేరు సార్.
మేడమ్ ఉండే ఊరికి మంచి పేరే పెట్టిన్రు.

మాంసం కొనాలంటే సూపర్‌మార్కెట్ వెనక ఇంకో అర్ర.
తలుపు మీద బోర్డు, లోపట చలి,
చప్పుడు లేకుంట తిరిగే మనుషులు.
పంది తొడ.
ఉప్పుల పండవెట్టి, గాలికి ఏలాడగట్టి
ఏడాదిన్నర ఎండవెడ్తరట.
ఉల్లిపొరంత పలుచగ కోసిస్తరు,
దీపానికి అడ్డం పట్టుకుంటే
అవతలి నా వేలు ఎర్రగ కనవడుతది.

వంటంటే ఇగ ఇంతే:
పండును నెలవంకలోలె కొయ్యాలె, తోలు తియ్యాలె,
పైన ఆ పొర కప్పాలె.
ఇస్త్రీ బట్టలెక్క కాదు,
ఇడిసిన చీరలెక్క మడతలు పడనియ్యాలె.
ఉప్పెయ్యొద్దు. నిమ్మకాయ పిండొద్దు.
పొయ్యి ముట్టియ్యనే ఒద్దు.
తోటలకు తెస్తే మాత్రం ఉరకాలె.
మే నెల సముద్రపు ఉక్కకు
రెండు నిమిషాలల్ల కొవ్వుకు చెమట పడుతది.

మొదటిసారి ఓ తునక నోట్లేసుకున్ననాడు
ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి నిలవడ్డ.
రాయికల్ల మా అవ్వ లస్మి
దండెం మీద వట్టితునకలు ఆరేస్తున్నది.
ఉప్పు, పసుపు రాసి, పొడుగ్గ సాగదీసి,
నా గౌను పక్కపొంటే.
కాకులను కొట్టే కొలువు నాది, చేతిల తుమ్మకట్టె.
ఆ గౌనేసుకుని బడికి పోతే
పక్క పిల్ల పలకా బలపం పట్టుకుని
ఇంత దూరం జరిగేది.

గదే ఉప్పు. గదే గాలి.
ఈడ దాన్ని తెల్ల పళ్లెంల పెడితే
తొమ్మిదిమంది కండ్లు మూసుకుని నములుతరు.
గోడకు ఆనుకుని చూస్తున్న నాకు
కోపం రావాల్సింది.
ఆకలైంది.

పక్క విల్లాల మస్తాన్‌బీ, రాయచోటి ఆమె,
పార్టీలనాడు సాయం వస్తది.
"ఆ కత్తి, ఆ చెక్క నేను ముట్టనమ్మా, నువ్వే చూసుకో."
ఆ మాటకు నా పానం సల్లవడ్డది.
ముట్టనన్న మాట నాకు కొత్త కాదు.
చాయ్ హోటల్ బయట
మేకుకు ఏలాడే మా గిలాసకు ఎరుక.

చెక్క కడిగిన. కత్తి కడిగిన.
మోచేతుల దాక సబ్బు రుద్దుకుని వచ్చి
దూరంగ నిలవడ్డ.
"ఏంటికట్ల నిలబడినావు?"
రెక్క పట్టి గుంజి స్టూలు మీద కూసోవెట్టి
తన పళ్లెం నా ఒళ్లె పెట్టింది.
ఇద్దరి వేళ్లు ఒకటే పప్పుల.
ఆ చెక్కను ముట్టదు.
నన్ను ముట్టుకుంటది.
ఈ రెండూ ఒక్క మనిషిల ఎట్ల ఇముడుతయో
నాకు ఇంక తెలుస్తలేదు, తెలుసుకోవాలని కూడ లేదు.

పోయిన శుక్రవారం మనామా కసాయి దగ్గర
మస్తాన్‌బీయే కొన్నది, కిలో గొడ్డుకూర.
మా అర్ర మీది డాబాల తాడు కట్టినం.
ఈడి ఎండకు రెండు రోజులు ఎక్కువ.
నేను వట్టితునకలన్న. ఆమె ఉప్పుకండ అన్నది.
కాకుల్లేవు గని, ఓ పిల్లి
రెండు పూటలు కాపలా కాసింది.

పార్టీల మిగిలిన ఖర్బూజ చివరలు
గిన్నెల దాచిన.
ఈసారి పొయ్యి ముట్టిచ్చినం.
నూనెల తునకలు చిటచిటమన్నయి.
తియ్యటి నెలవంక మీద నల్లటి తునక పెట్టి
ముందు ఆమెకిచ్చిన.
శానసేపు నమిలింది. పైకి చూసింది.
"బాగానే ఉండాది గానీ..."
నాకు తెలుసు.
కారం డబ్బా అప్పటికే నా చేతిల ఉన్నది.