చేతికందే బంతి

రాత్రి పదిన్నరకి లాగిన్.
బెంజి సర్కిల్ వెనక సందులో, మందుల షాపు మీద మూడో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ చెవుల మీదుగా చుట్టుకుని
నేనెన్నడూ చూడని ఊళ్ళో
ఎన్నడూ ఆడని ఆటలో
పదిహేడో నంబరు చొక్కావాడి విసుర్లు ఎంచుతుంటాను.
విసురుకి రూపాయి పావలా.

క్వార్టర్‌బ్యాక్ అంటారు వాణ్ణి.
మొదటి వారం నాకేం తెలుసు,
పట్టుకుంటే ఒకటి, కిందపడితే సున్నా వేసుకుంటూ పోయాను.
సలోమీ మేడమ్ వెనకనించి వచ్చి
నా మౌసు మీద చెయ్యేసి బొమ్మని ఆపింది.
"ఏమైందో తర్వాత.
బంతి ఎక్కడికొచ్చిందో అది చూడు ముందు."

అప్పట్నించీ ఫ్రేము ఫ్రేముకీ ఆగుతాను.
గాలిలో ఎన్ని గజాలు,
మీదికి ఉరికేవాడు ఎన్ని అడుగుల్లో ఉన్నాడు,
పరిగెత్తేవాడి ఛాతీకా, వెనక భుజానికా, మడమల దగ్గరికా.
రెండు గజాల బంతి అందించి నూటికి డెబ్బై అనిపించుకోవడం
పిట్టగోడ మీంచి పక్కింటికి పంచదార గిన్నె ఇవ్వడం.
ముగ్గురు మీద పడుతుంటే, నలభై గజాల అవతల,
ఇంకా అక్కడికి చేరని మనిషి చేతుల్లోకి వెయ్యడం
మరో విద్య.
అందుకని విసురు విసురుకీ యంత్రం ముందే ఒక అంచనా కడుతుంది:
ఇలాంటిది మామూలోడు వేస్తే నూటికి ఇన్ని.
వీడు ఆ గీతకి ఎంత పైన, ఎంత కింద,
వాడి గురి అదీ.

మొన్నటి ఆటలో ఏడు జారిపోయాయి.
మైదానం మైదానం వాణ్ణి తిట్టింది.
ఏడింటికీ నేను ఒకే మాట నొక్కాను:
చేతికందేదే.
ఎక్కడో తొమ్మిది వేల మైళ్ళ అవతల వాడికి
విజయవాడలో ఒక సాక్షి ఉందని తెలీదు.

తెల్లారి ఏడింటికి
కేదారేశ్వరపేట పళ్ళ మార్కెట్టు దాటి ఇంటికి నడుస్తాను.
పుచ్చకాయల లారీ.
పైన నాగుల్ మీరా, కింద కొత్త కుర్రాడు.
కాయ, కాయ, కాయ,
బొటనవేలు చూపుడువేలు వాటంతటవే కదుల్తున్నాయి,
ఛాతీ, ఛాతీ, ఎడమ భుజం, ఛాతీ.
ఉన్నట్టుండి ఒకటి కుర్రాడి చేతుల్ని తాకి
రోడ్డు మీద ఎర్రగా విచ్చుకుంది.

కమీషన్ కొట్టు గుమస్తా చెవి మీది పెన్సిలు తీశాడు.
పగిలిన కాయ విసిరినోడి కూలీలో కోత, రివాజు.
నా నోరు ఊరుకోలేదు.
"అతని తప్పు కాదండీ, సరిగ్గా ఛాతీకే వచ్చింది, చూశాను."
"నువ్వెవరమ్మా?"
ఏం చెప్పను.
"లెక్క రాసేదాన్ని" అన్నాను.
"లెక్క నేను రాస్తన్నాగా" అన్నాడు.

లారీ మీంచి నాగుల్ మీరా నవ్వాడు.
"కాయ బాగానే ఎల్లిందమ్మాయ్.
ఆడింకా పైకి చూడలా.
చూడకముందే వొదిలేశా.
రాస్కో సుబ్బారాయుడూ, నాదే."

విరిగిన కాయలో సగం నా చేతిలో పెట్టారు.
రైవస్ కాలవ దాకా తింటూ నడిచాను,
గింజలు ఉమ్ముతూ,
మోచేతుల దాకా రసం, ఈగలు.
చేతికందింది.
చూపుకందలేదు.
నా షీటులో దానికి గడి లేదు.

ఆ రాత్రి ఆ ఏడింటినీ మళ్ళీ తెరిచాను,
రూపాయి పావలా రాని పని.
బంతి సంగతి వదిలేసి
అందుకునేవాడి మెడ మాత్రమే చూశాను.
మూడింట్లో, బంతి వచ్చేసింది,
హెల్మెట్ ఇంకా అటే ఉంది.
మిగతా నాలుగూ నిజంగా జారినవే.

మార్చడానికి వీల్లేదు, ఎప్పుడో సబ్మిట్ అయిపోయాయి.
అడుగున వ్యాఖ్య అని చిన్న పెట్టె ఉంటుంది,
ఎవరూ చదవరు, సలోమీ మేడమే చెప్పింది.
మూడుసార్లు టైపు చేశాను:
తల ఇంకా తిరగలేదు.
తల ఇంకా తిరగలేదు.
తల ఇంకా
దగ్గర కరెంటు పోయింది.