పదకొండు వందల మీటర్లు

ఊటుకూరు కాడ మా రొయ్యల గుంటల్లో
సముద్రం వైపు పంపుగది,
కట్ట ఈ చివర మట్టం చూసే ప్యానెల్.
నడుమ పదకొండు వందల మీటర్లు.
టేపు పట్టి కొలిచింది నేనే,
ముళ్ళకంప తొక్కుకుంటూ.

రెండు పెట్టెలదీ ఒకే కంపెనీ, ఒకే భాష.
బల్లమీద పక్కపక్కన పెడితే గడగడా మాట్లాడుకున్నాయి.
ఎడం చేస్తే మూగ.
పుస్తకంలో రాసే ఉంది: పదిహేను మీటర్లు.
ఆ పైన మాట
నీళ్ళలో వేసిన ఉప్పురాయి.

ఇన్నాళ్ళూ ఆ దూరాన్ని మోసింది కాలేషా.
రాత్రి రెండింటికి కట్టమీద సైకిలు, నోట్లో టార్చి.
ఫోను చేస్తే మోటరు హోరులో పోలయ్యకు వినబడదు.
"ముప్పై ఆరంగుళాలు వచ్చినాయబ్బయ్యా, ఆపు"
అని ఇతను చెప్పేసరికి
అక్కడ గుంటలో ముప్పై ఎనిమిది.

జంట తీగ తెచ్చాను, వలతాడులా పురి తిరిగింది.
"రెండెందుకు, మాట ఒకటే గదా?" అన్నాడు కాలేషా.
ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది మావా.
దారిలో మోటరు హోరు మీద పడిందనుకో,
ఇద్దరి మీదా సమానంగా పడుతుంది.
ఇద్దరి మధ్య తేడా మాత్రం చెదరదు.
అవతలి పెట్టె వినేది
ఆ తేడానే.

వేగం కూడా తగ్గించాను,
ముప్పై ఎనిమిది వేల నాలుగొందల నుంచి
తొమ్మిది వేల ఆరొందలకి.
దానికి మాత్రం అతను తలూపాడు.
పడవలోకి కేకేసేవాడు
మాటకీ మాటకీ సందివ్వడా?

ఇంకొకటి ఉంది, చెప్పడం కష్టం:
ఇక్కడి నేలా అక్కడి నేలా ఒకటి కావు.
పిడుగుల రోజున రెండిటికీ అసలు పొత్తు కుదరదు.
అందుకని పెట్టెలో ఒక సన్నని సందు,
దాన్ని దాటేది వెలుగొక్కటే,
కరెంటు గడప బయటే నిలబడుతుంది.

అయినా తెరమీద అంకెలు పిచ్చిగా దూకాయి.
పన్నెండు. తొంభై. సున్నా. నాలుగొందలు.
కొసలు తిప్పి కట్టాను. జాయింట్లు విప్పి మళ్ళీ బిగించాను.
పొద్దుగూకేవేళకి గుర్తొచ్చింది:
చివర వినేవాడు లేని మాట
గోడకు కొట్టుకుని వెనక్కొస్తుంది,
వచ్చి వెనకమాటను గుద్దుతుంది.
మర్నాడు నెల్లూరు ట్రంకురోడ్డులో నాలుగు షాపులు తిరిగి
నూట ఇరవై ఓములవి రెండు,
జేబులో పొగాకు డబ్బీ పక్కన వేసుకొచ్చాను.
ఈ కొసకొకటి, ఆ కొసకొకటి.
రెండూ కలిపి నాలుగు రూపాయలు.

ముప్పై ఆరు.
తెర నిలకడగా చెప్పింది.
కాలేషా నమ్మలేదు, చాకుగాట్ల వెదురుబద్ద ముంచి చూశాడు.
తడి ముప్పై ఆరో గాటు దగ్గర ఆగింది.
అటువైపు మోటరు దానంతటదే ఆగింది.
అంత నిశ్శబ్దం ఆ కట్టమీద నేనెప్పుడూ వినలేదు.
"ఇంక నేను రానని
ఆ నక్కలకి ఎవురు జెప్తారబ్బయ్యా" అన్నాడు,
సైకిలుకి స్టాండు వేస్తూ.

మూడో వారం, చవితి చీకట్లో,
తెరమీద ముప్పై నాలుగు.
గంటయినా ముప్పై నాలుగే.
కునుకుపాట్లలో నాకు అది నిజమనే అనిపించింది,
అంకె అంత శుభ్రంగా వెలుగుతోంది మరి.
పందికొక్కు తీగను ఎక్కడో కొరికేసింది.
చివరి మాటనే పట్టుకుని కూచుంది పెట్టె.

కట్ట మధ్యలో టార్చి కనిపించింది,
నోట్లో పెట్టుకున్నప్పుడు ఊగే ఊపుతో,
పంపుగది వైపు వెళ్తూ.
"నీళ్ళు కదలకుండా ఒక గంట
యాడైనా ఉంటాయా?" అన్నాడు తిరిగొచ్చి.

పొద్దున ఇద్దరం కలిసి వెతికాం.
ఆరొందల నలభయ్యో మీటరు.
తీగ చివర్లు అతను పట్టుకున్నాడు,
నేను పురి పెట్టాను.