గేటు పాసు

పొద్దుట షిఫ్టు సైరన్
గాంధీగ్రాం దాటి వినిపిస్తుంది.
నా వేళ్ళు మాత్రం డ్యూటీకి లేవవు.
చొక్కా మూడో గుండీ దగ్గర
గంటసేపు ఆగిపోతాయి.

ఇరవై ఆరేళ్ళు షిప్‌యార్డు గేటు కాసినవాణ్ణి.
కేజీహెచ్‌లో ఓపీ చీటీ వెనకవైపు
డాక్టర్ హైమ ఒక పేగు గీసింది.
వలలో మెలిపడ్డ తాడులా ఉందది.
"ఇక్కడ కోట్లకొద్దీ ప్రాణులుంటాయి బాబాయ్,
అద్దె కట్టవు గానీ ఊరికే కూర్చోవు.
ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో
నీ ఒంటి కాపలాదార్లకి
పసితనం నుంచీ నేర్పేవాటిలో ఇవీ ఉన్నాయి.
కొన్ని పోయాయేమో, కొన్ని మితిమీరాయేమో,
గోడ సందులోంచి ఏదో ముక్క లోపలికి జారి
దాని మొహమూ నీ కీళ్ళ మొహమూ
వాళ్ళకి ఒకేలా కనబడ్డాయేమో.
అనుమానమే.
మాకూ పూర్తిగా తెలీదింకా."

తెలీదన్నందుకే ఆమెని నమ్మాను.

ఆ పొరపాటు నాకు తెలుసు.
హుద్‌హుద్ పోయిన వారానికి, కరెంటు లేని రాత్రి,
ప్రహరీ కూలిన చోటునుంచి ఒకడొచ్చాడు.
మొహం నిండా ఎర్ర ప్రైమరు.
తడిసిన పాసులో అక్షరాలు కరిగిపోయాయి.
పేరేంటన్నాను.
పరదేశి, అన్నాడు.
కుడి మణికట్టు మీద దిగింది లాఠీ.
"నాను లోపలోణ్ణే బాబూ, పెయింటు షాపు"
అంటూనే ఉన్నాడు, రెండో దెబ్బకీ.

అన్నలిద్దరూ పురిట్లోనే పోతే
ఈడైనా దక్కాలని
చావుని ఏమార్చడానికి వాళ్ళమ్మ పెట్టిన పేరట.
చావు ఏమారింది.
నేనూ ఏమారాను.

ఇప్పుడు నా మణికట్టు, అదీ కుడిదే,
పులిసిన పిండిలా పొంగింది.
లెక్క సరిపోయిందనుకోను.
రోగానికి న్యాయం తెలీదు.
దగ్గొచ్చినా జలుబొచ్చినా
మల్కాపురం మందులషాపులో
చీటీ లేకుండా కొని మింగిన బిళ్ళలు మాత్రం
గుర్తొస్తుంటాయి.
లోపల ఎంతమంది పంతుళ్ళని
బడిలోంచి గెంటేశానో.

మా ఎర్రాయమ్మ వంటింటి మూల
మళ్ళీ తరవాణి కుండ పెట్టింది.
"మందు మందే, ఇది ఇదే" అంది,
నేను అడక్కముందే.

రాత్రి నొప్పికి మెలకువొచ్చి
ఎడమచేత్తో మూత తీశాను.
చీకట్లో చిన్న చిన్న బుడగలు,
ఎవరో బయట నిలబడి
మెల్లగా తలుపు తడుతున్నట్టు.

ఎవరది, అని అడగలేదు.