పది నిమిషాలు

చీమకుర్తిలో రాయి కోసే షెడ్డు.
బ్లాకు నడుమ రంపం ఆగిపోయింది,
సగం కొరికిన రొట్టె వదిలేసి లేచిపోయిన పిల్లాడిలా.
బురదనీళ్లు మాత్రం ఇంకా కారుతున్నాయి.

డ్రైవ్ ప్యానెల్ మీద ఎర్ర అక్షరాలేవో మెరిశాయి.
జిలానీ మామ మెయిన్ దించాడు,
తాళం వేశాడు, చెవి చొక్కా జేబులో పడేశాడు,
'మనిషి పనిలో ఉన్నాడు' అనే అట్ట తగిలించాడు.
ఒకసారి ఆ చెవి జేబులోనే ఉండిపోయి
సంతనూతలపాడులో ఇంటిదాకా పోయింది.
అర్ధరాత్రి మోపెడ్ మీద వెనక్కి తెచ్చాడు, తిట్లు తింటూ.
ఇంకో చెవి చేయించమంటే మాత్రం
ఇప్పటికీ చేయించలేదు.

అక్షరాలు ఆరిపోయాయి. ఫ్యాను నిలిచిపోయింది.
నేను మూత స్క్రూల మీదికి వంగాను.
భుజం పట్టి వెనక్కి లాగాడు.
"పది నిమిషాలు. టీ తెప్పించు."

పొదిలి ఐటీఐలో ఇది మాకు చెప్పారు,
కెపాసిటర్లు, డీసీ బస్సు, డిశ్చార్జి అయ్యే కాలం.
మూడు మార్కుల ప్రశ్న.
నాకు రెండున్నర వచ్చాయి.

సూపర్‌వైజర్ మాలకొండయ్య వచ్చాడు.
"కరెంటు తీసేశారు గదా, కూచున్నారేంది?
రేపటికి కంటైనరు కృష్ణపట్నం చేరాల.
నిమిషం రేటెంతో తెలుసా నీకు?"
మామ టీ ఊదుకున్నాడు.
"నిమిషం రేటు తెలీదయ్యా. మనిషి రేటు తెలుసు.
మా తోడల్లుడికి ఇచ్చారు, మూడేళ్లు తిప్పుకుని."
ఎంతో చెప్పలేదు.

బయట పాలిష్ పలకలు ఎండకి ఆనించి ఉన్నాయి,
నల్లరాయి లోపల బంగారు చుక్కలు.
ఒడిశా కుర్రాళ్లు వాటి నీడలో చేరి
ఫోనులో ఇంటి మనుషులకి అన్నం పళ్లెం చూపిస్తున్నారు.

పది అయ్యింది. గ్లౌజులు తొడిగి మూత తీశాడు.
మీటరుని ముందు గోడ సాకెట్‌లో పెట్టి చూశాడు,
"కళ్లు కనపడుతున్నాయా అని ముందు దీన్ని అడగాల."
మీట డీసీకి తిప్పాడు.
ఆ తర్వాత ప్లస్సు. ఆ తర్వాత మైనస్సు.

నాలుగు వందల ఎనభై.

మళ్లీ చదివాను.
నాలుగు వందల డెబ్బై తొమ్మిది.
మాలకొండయ్య కూడా వంగి చదివాడు,
వంగినవాడు వంగినట్టే రెండడుగులు వెనక్కి నడిచాడు.

"దించే రెసిస్టరు కాలిపోయింది.
పది నిమిషాలని డబ్బా మీద అచ్చేసినోడికి ఆ సంగతి తెలీదు.
ఇది పొద్దుగూకినా ఇట్టాగే కూచుంటది."
దీపం లేదు, చప్పుడు లేదు, వెచ్చన కూడా లేదు.
నా పెదనాన్న నిద్రపోతున్నా ఇంతకంటే అలికిడి ఉంటుంది.

మూల నుంచి ఫైబరు కర్ర తెచ్చాడు,
ఒకదాని వెనక ఒకటిగా మూడు బల్బులు కట్టింది.
"ఎడం చెయ్యి జేబులో పెట్టుకో. దూరం జరుగు."
రెండు పొడుగు కొనలూ ఆనించాడు.

బల్బులు వెలిగాయి.
చచ్చిన డబ్బాలోంచి, పట్టపగలు, పెళ్లిపందిరంత వెలుగు.
పసుపు, నారింజ, ఎరుపు,
ఎర్రటి తీగ,
ఉత్త తీగ.

అదంతా
నా మోచేతి మీదుగా పోవాల్సిన వెలుగు.

మీటరు నా చేతికిచ్చాడు. "నువ్వు చూడు."
సున్నా.
"ఇంకోసారి."
సున్నా.

మాలకొండయ్య ఇంకా పోలేదు.
గొంతు తగ్గించి అడిగాడు,
"మీ తోడల్లుడికి... ఎంతిచ్చారన్నావు?"

"స్క్రూడ్రైవరు అందుకోరా" అన్నాడు మామ, నాతో.